అద్దం పట్టినవాడు

నెలకు మూడు వందల పలకలు. లెక్క అది.
మెత్తటి కుంచె, దూది, చేతులకు తెల్ల తొడుగులు,
బేస్‌మెంట్‌లో ఒకటే ట్యూబ్‌లైటు.
చాదర్‌ఘాట్ స్టూడియోవి ఈ గాజు పలకలు,
మూసీ తుగ్యానీలో మునిగి తేలినవి.
కొన్నిటి అంచున ఇప్పటికీ ఆ బురద,
వాసన పోయింది, ఊరికే మట్టి.

నూట పద్నాలుగో పెట్టెలో దొరికింది ఈమె.
ఏదో నవాబు దేవిడీ, పొడుగాటి హాలు,
ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చిన పాలరాతి మనుషులు:
ముక్కు విరిగిన చక్రవర్తి, చేతుల్లేని వీరుడు,
చివర్లో కడవ వంచుతున్న పిల్ల.
పలక మీద అంతా తారుమారు కదా,
తెల్లరాయి నల్లగా, కిటికీ కాటుకలా.
మొదటిసారి చూసినప్పుడు
మా ఎల్లమ్మ తల్లి అనుకున్నాను.

కవరు మీద ఉర్దూ. నాకు రాదు.
రాత్రి వాచ్‌మన్ ముస్తఫీజ్ గారు కళ్లద్దాలు నుదుటికెత్తి
కాగితానికి ముక్కు ఆనించి చదివారు:
"ఎనిమిది నిమిషాలు. వెలుతురు చాలదు.
అద్దం పట్టింది లింబాద్రి."
ఇంకేం లేదమ్మా, అన్నారు.

ఆ హాలుకు ఎండ రాదు.
వాకిట్లో ఒకడు నిలువుటద్దం ఎత్తి నిలబడి
సూర్యుణ్ణి గుమ్మం లోపలికి తోయాలి.
లోపల నల్లగుడ్డ పక్కన ఇంకొకడు గడియారం చూస్తుంటాడు.
రాతికేం, ఎనిమిదేళ్లయినా కదలదు.
లింబాద్రి భుజాలకు ఆ విద్య రాదు.
ఈగ వాలిందేమో. చెమట కంట్లోకి దిగిందేమో.
ఆ కాసేపట్లో హాల్లో నడిచినవాళ్లెవరూ బొమ్మలో పడలేదు,
కదిలేవాళ్లని పలక పట్టించుకోదు.
గోడకానించిన చీపురు పడింది, పుల్ల పుల్లా లెక్కపెట్టొచ్చు.
కడవ పిల్ల కుడి భుజం దగ్గర మాత్రం
వెలుతురు అంచు చెదిరింది,
బియ్యపు గింజంత.
అందుకే ఆమె ఇప్పుడే ఊపిరి పీల్చినట్టుంటుంది.

నాంపల్లిలో రైలు దిగిన దొరలు,
పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం దేవిడీ, సాయంత్రం చెరువు గాలి,
ఈ బొమ్మ కార్డును రెండు హాలీ అణాలకు కొనేవాళ్లు.
ఒకటి వేలంలోంచి మళ్లీ మా టేబుల్ మీదికే వచ్చింది.
వెనక, వంకర అక్షరాల్లో:
"అమ్మా, ఇక్కడి రాళ్లకు ప్రాణముంది.
నీళ్లు మాత్రం కాచకుండా తాగొద్దంటున్నారు."

దేవిడీ ఉన్నచోట ఇప్పుడు సోఫాల షోరూము.
పిల్ల ఎవరింటికి పోయిందో ఎవరికీ తెలియదు.

మొన్న టూరిజం ఆఫీసు నుంచి కమలాకర్ గారు వచ్చారు.
మెట్రో పిల్లర్లకు పాత నగరం బొమ్మలు వేస్తున్నారట.
"ఇది అద్భుతంగా ఉందమ్మా,
ఆ భుజం దగ్గర షేక్ ఒక్కటి తీసెయ్యండి."
కంప్యూటర్లో నాలుగు నిమిషాల పని.
తీసేశాను.
ఇక్కడ రాస్తున్నాను గానీ ఇంకెవరికీ చెప్పలేదు.

ఇప్పుడామె అమీర్‌పేటలో పన్నెండడుగుల పొడవు.
కాలేజీ పిల్లలు పక్కన నిలబడి
కడవ ఎత్తినట్టు చేతులు పెట్టి సెల్ఫీలు దిగుతున్నారు.
చక్కగా ఉంది. మచ్చ లేదు.
రాయిలా ఉంది.

నిన్న మిట్టమధ్యాహ్నం
టిఫిన్ డబ్బా మూత తీసి ఎండకు తిప్పాను.
వెలుగు బిళ్ల ముందు చెప్పుల బండి మీద పడింది,
తర్వాత ట్రాఫిక్ కానిస్టేబుల్ మొహం మీద.
"ఏందమ్మా గిది, చిన్నపోరివా?" అని కసిరాడు.
మూడోసారికి భుజం దొరికింది.
మనసులో లెక్క మొదలుపెట్టాను.
ఆటోలు, బస్సు, మళ్లీ ఆటోలు.
ఇరవై దాటకముందే మోచెయ్యి లాగేసింది,
మూతకున్న తొక్కు నూనె మణికట్టు మీదికి జారింది.

ఎనిమిది నిమిషాలా, లింబాద్రీ?